పద్నాలుగు ముడులు

ఆఫీసు, రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల
జూన్ 4

వదినకు,

ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. కంటి ఆపరేషన్ తర్వాత డిసెంబరు దాకా ఫోన్, కంప్యూటర్ తెర ఏదీ చూడొద్దని డాక్టరు నీకు కట్టడి చేశాడని, కాగితం మీద పెద్ద అక్షరాలైతే రోజుకో అరగంట చదవొచ్చన్నాడని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. చెప్పింది మూడే ముక్కలు. ఈ మధ్య నాతో అన్నయ్య ఎప్పుడూ అంతే. అందుకే పిల్లలు బొమ్మలు వేసుకునే లావుపాటి పెన్ను ఒకటి కొని, ఒక్కో అక్షరం గోలీకాయంత చేసి రాస్తున్నాను. నీ కళ్ళకి భారమైతే అన్నయ్యతో చదివించుకో. వద్దులే, నువ్వే చదువుకో.

ఇక్కడ మన పాత ట్రాకర్‌ని మూసేస్తున్నారు. పన్నెండేళ్ళుగా ఆఫీసులో ఏ పని మొదలైనా దానికో టికెట్టు రాసి పెట్టింది అందులోనే కదా. ఈ పని ఆ పని పూర్తయ్యేదాకా ఆగాలి అని టికెట్ల మధ్య మనం వేసుకున్న లింకులన్నీ కూడా అందులోనే. పదకొండు వేల టికెట్లు, నాలుగు వేల పైచిలుకు లింకులు. సెప్టెంబరు నెలాఖరు లోపు వాటన్నిటినీ కొత్త ట్రాకర్‌లోకి మార్చాలి. పాతకాలం మనిషిని నేనొక్కదాన్నే మిగిలానని ఆ పని నా నెత్తిన పెట్టారు.

మొన్న నమూనాగా ఓ రెండు వందలు మార్చి చూశాం. అంతా తలకిందులైంది. మనం 'ఇది దాని కోసం ఆగి ఉంది' అని రాసుకున్న ప్రతి లింకునీ కొత్త ట్రాకర్ 'ఇది దాన్ని ఆపుతోంది' అని చదువుకుంది. హాల్ టికెట్లు అచ్చు వేసే పనికి పచ్చదీపం చూపించి, పిల్లల పేర్లు నమోదు చేసే పనిని మాత్రం ఆపేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారట, అలా ఉంది వ్యవహారం. కొత్త మేనేజరు నా మొహం చూశాడు. నేను గోడ వైపు చూశాను.

అందుకే అడుగుతున్నాను. ట్రాకర్ రాకముందు మనం గోడ మీద కార్డులు గుచ్చి, వాటి మధ్య ఊలు దారాలు కట్టేవాళ్ళం కదా. ముడి ఆగి ఉన్న కార్డు వైపు వేసేవాళ్ళమా, ఆపుతున్న కార్డు వైపు వేసేవాళ్ళమా? అదే అలవాటుతో లింకులు కూడా వేసి ఉంటాం. అన్నీ ఒకేలా ఉన్నాయో, కొన్ని అటూ కొన్ని ఇటూ ఉన్నాయో తేల్చుకోవాలి.

ఇంకోటి. లింకులు వస్తే చాలు, హిస్టరీ అక్కర్లేదు అంటున్నాడు మేనేజరు. అంటే ఏ లింకు ఎవరు వేశారు, ఎవరు ఎప్పుడు తీశారు అన్నదంతా పాత ట్రాకర్‌తో పాటే పోతుంది. పరీక్షా ఫలితాల పేజీ టికెట్టుది కూడా. మూడు వందల పన్నెండు మంది పిల్లలకి నాలుగు గంటలసేపు ఫెయిలని చూపించిన ఆ పేజీ. నువ్వు ఆ తప్పు నాదే అని సంతకం పెట్టి, ఉద్యోగం మానేసి, ఊరు మారిపోయి ఆరేళ్ళవుతోంది. హిస్టరీ ఉంచమంటావా, పోనిమ్మంటావా?

కంట్లో చుక్కలు వేళకి వేసుకుంటున్నావా?

నీ పిచ్చుక


ఇల్లు, వెనక వరండా
జూన్ 19

పిచ్చుకకు,

నీ ఉత్తరం నాలుగు రోజులు చదివాను. రోజుకి అరగంట కాదు, పావుగంటకే కన్ను నీళ్ళు పెట్టుకుంటోంది. మీ అన్నయ్య "ఇలా తే, నేను చదివి పెడతా" అని చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు. ఫోన్లో అయితే నువ్వు నవ్వేసి మాట దాటేస్తావు. కాగితం మీద నవ్వు వినపడదు కాబట్టి ఇదే నయం.

నీ పేరు చూసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ పేరు పెట్టింది మన ఆఫీసు పెట్టిన పెద్దసారు. మేం రాత్రింబగళ్ళు కూర్చుని రాసిన ప్రోగ్రాముల్లోంచి తప్పుల పురుగులన్నీ ఏరి ఏరి మా ముందు పడేస్తున్నావని. నేను మీ ఇంటి కోడలినైన తర్వాత కూడా నా నోటికి వేరే పిలుపు రాలేదు. మీ అమ్మ ఎన్నిసార్లు కసిరిందో, "ఆడపడుచుని పట్టుకుని పిచ్చుకేంటే" అని.

గోడ అడిగావు కాబట్టి గోడ సంగతే చెప్తాను. కింద దర్జీ కొట్టు, పైన మన గది. కుట్టుమిషను నడిచినప్పుడల్లా మన బల్ల మీద గాజుగ్లాసు సన్నగా మోగేది. ఆరుగురం, నాలుగు కుర్చీలు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ప్రింటరు పెట్టె మీద కూర్చునేవాళ్ళు. ఎవరి పని ఎవరి కోసం ఆగిందో తెలియక రోజూ తగువే. నువ్వో రోజు గోడంతా కార్డులు గుచ్చి "దారం కావాలి" అన్నావు. నేను అప్పుడు ఆకుపచ్చ స్వెట్టరు ఒకటి అల్లుతూ ఉండేదాన్ని, ఒక చెయ్యి పూర్తయింది. ఆ చెయ్యి విప్పి ఇచ్చాను. నెల తిరిగేసరికి రెండో వైపు భుజం కూడా గోడెక్కింది.

ఫ్యాను వేస్తే దారాలన్నీ ఊగేవి. వాన వస్తున్న సాయంత్రం మీ అన్నయ్య నీకు గొడుగు ఇవ్వడానికి వచ్చి, తల వంచకుండా లోపలికి అడుగేసి, సగం గోడని మెడకి చుట్టుకున్నాడు. ఏడెనిమిది కార్డులు ఊడి కిందపడ్డాయి. నువ్వు లబోదిబోమన్నావు. ఆ దారాలు మళ్ళీ కట్టడానికి మీ అన్నయ్యా నేనూ మూడు గంటలు కూర్చున్నాం. "ఇదెందుకు దీనికోసం ఆగాలి?" అని ప్రతి కార్డుకీ అడిగాడు. అంత ఓపిగ్గా నా పని గురించి అడిగిన మగవాణ్ణి అంతకుముందు చూడలేదు. ఇప్పుడు ఇంట్లో ఏ డబ్బా ఎక్కడుందో కూడా అడిగి తెలుసుకోడు, అది వేరే సంగతి.

ఇక అసలు విషయం. ముడి ఎటువైపు వేసేవాళ్ళమో నీకు తెలియదా? ఆ నియమం పెట్టిందే నువ్వు. ఎవరి పని ఆగిందో వాళ్ళే లేచి వచ్చి తమ కార్డుకి ముడి వెయ్యాలి, దారం రెండో కొస పట్టుకెళ్ళి ఆపుతున్నవాళ్ళ కార్డుకి గుచ్చాలి, ఆ వంకన ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు అన్నావు. ఆపుతున్న పని పూర్తయి, నువ్వు పరీక్షించి చూశాక, నీ చేత్తోనే ముడి విప్పేదానివి. వేరేవాళ్ళు విప్పితే ఊరుకునేదానివి కాదు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలవు. మరి ఉత్తరం రాసి నన్నెందుకు అడిగావు?

హిస్టరీ అక్కర్లేదన్నారుగా. వదిలెయ్.

వదిన


ఆఫీసు, అదే బల్ల
జూలై 10

వదినకు,

దొరికిపోయాను. ముడి ఎటువైపో నాకు తెలుసు. నీతో మాట్లాడాలనిపించింది, ఏ వంక దొరక్క అది పట్టుకున్నాను. అడ్డంగా దొరికినా సిగ్గు లేకుండా ఇంకో నాలుగు పేజీలు రాస్తున్నానంటే చూడు.

లింకులన్నీ తిరగేసి మారుస్తున్నాను. యంత్రం చేసేసే పనే, కానీ నేను టికెట్లు ఒక్కొక్కటీ తెరిచి చదువుతున్నాను. మేనేజరు "అన్నీ చదవాలా?" అంటాడు. అవునండీ అంటాను. చదవకుండా ఎలా ఉంటాను వదినా. పెద్దసారు రాసిన టికెట్టు ఒకటి ఉంది, 'ఈ బటను నాకు నచ్చలేదు' అని, అంతే. దానికింద నువ్వు 'మీకు నచ్చేదాకా ఏ పని ఆపమంటారు?' అని రాశావు. ఆయన 'ఏదీ ఆపకండి, నా గొడవ నాది' అన్నారు. ఆ టికెట్టు ఇప్పటికీ తెరిచే ఉంది. ఆయన పోయి మూడేళ్ళయింది. దాన్ని మూయడానికి నాకు చెయ్యి రాలేదు, అలాగే కొత్త ట్రాకర్‌లోకి పంపేశాను.

దర్జీ కొట్టు మీది గది ఖాళీ చేసిన రోజు గుర్తుందా? దారాలన్నీ తీసి నువ్వు ఉండలా చుట్టావు. స్వెట్టరు మళ్ళీ అల్లుతానన్నావు. అల్లావా లేదా? ఈ కొత్త ఆఫీసులో గోడలన్నీ గాజువే, మేకు కొట్టడానికి చోటు లేదు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు కూడా లింకు వేసేసి ఊరుకుంటారు. ఎవరూ లేచి ఎవరి దగ్గరికీ రారు. లింకు వేసిన సంగతి అవతలివాళ్ళకి మెయిల్లో తెలుస్తుంది.

ఓ మాట చెప్పాలి. మార్పిడి సవ్యంగా పూర్తయితే టీం లీడు పోస్టు నాకిస్తానంటున్నాడు మేనేజరు. నువ్వు కూర్చున్న సీటే. ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నానని నీకు తెలుసు. హిస్టరీ కూడా తేవాలంటే మూడు వారాలు అదనంగా పడుతుంది, గడువు దాటుతుంది. అది ఆయనకి నచ్చదు.

కొత్తగా చేరినవాళ్ళకి ఏటా ఓ క్లాసు చెప్తారు కదా, కొన్నేళ్ళుగా అది కూడా నా మీదే ఉంది. అందులో ఫలితాల పేజీ సంగతి ఓ పాఠం. 'ప్రాక్టికల్ మార్కులు కలిపే పని పూర్తి కాకముందే, ఒక లీడు తొందరపడి, సరిచూసుకోకుండా ఫలితాల పేజీ తెరిచింది' అని రాసి ఉంటుంది. నీ పేరు ఉండదు. కానీ ఆఫీసులో గుమ్మం దగ్గర కూర్చునే మనిషికి కూడా తెలుసు అది నువ్వని. నేను ఆ పేరా గబగబా చదివేసి తర్వాతి పేజీకి వెళ్ళిపోతాను.

హిస్టరీ వదిలెయ్యమన్నావు. నిజంగానే అంటున్నావా?

పిచ్చుక


ఇల్లు
ఆగస్టు 11

పిచ్చుకకు,

ఉత్తరం అందింది. లీడు పోస్టు వస్తున్నందుకు సంతోషం. పని విషయంలో నువ్వు గట్టిదానివే, ఎప్పుడూ కాదనలేదు.

ఆ క్లాసులో ఏం చెప్తారో నాకు ఇంతకాలం తెలియదు. తెలిసింది.

హిస్టరీ గురించి రెండోసారి అడిగావు. నేను కూడా రెండోసారి అదే చెప్తున్నాను, నీ ఇష్టం. నీ నుంచి నేను వినాలనుకుంటున్నది అది కాదు. ఆరేళ్ళు ఫోన్లో "బావున్నావా వదినా" అంటే "బావున్నాను" అన్నాను. ఇప్పుడు ఉత్తరాల్లో కూడా అదే ఆడుకుంటే, నా కంటికి దండగ శ్రమ.

స్వెట్టరు అల్లలేదు.

వదిన


ఇంట్లో నా గది
సెప్టెంబరు 16

వదినా,

నీ ఉత్తరం నెల రోజులు దిండు కిందే ఉంచుకున్నాను. ఇప్పుడు చెప్తాను. తలా తోకా లేకుండా వస్తుందేమో, ఓర్చుకుని చదువు.

నిన్న క్లాసు ఉంది. పన్నెండు మంది కొత్తవాళ్ళు. అందులో ఒకావిడ బ్యాంకులో పదిహేనేళ్ళు చేసి, నలభయ్యో ఏట ఈ పని నేర్చుకుని వచ్చింది. ఆ పేరా చదివి నేను పేజీ తిప్పబోతుంటే చెయ్యెత్తింది. "మేడమ్, మార్కులు కలిపే పని పూర్తి కాకపోతే ఫలితాల టికెట్టు ఎర్రగానే ఉండాలి కదా. లీడుకి పచ్చగా ఎలా కనిపించింది? ఆ లింకు ఎవరో తీసి ఉండాలి కదా?" అంది. ఆరేళ్ళలో ఈ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడ మీదకి పోయింది. "రికార్డుల్లో లేదండీ" అన్నాను. ఇన్నాళ్ళూ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను గానీ, నోరు తెరిచి అబద్ధం ఆడటం నిన్నే మొదలు. చెప్పి, నీళ్ళు తాగి, మిగతా క్లాసు కూడా పూర్తి చేశాను. నా మీద నాకే రోత పుట్టింది.

రికార్డుల్లో ఉంది వదినా. ఆ లింకు తీసింది నేను. నా పేరుతో, నువ్వు పేజీ తెరవడానికి ముందురోజు సాయంత్రం ఆరు దాటి ఏడు నిమిషాలకి.

ఆ మధ్యాహ్నం మీటింగు గుర్తుందా? పెద్దసారు, పరీక్షల బోర్డు నుంచి వచ్చిన ఇద్దరు, మన వాళ్ళందరూ ఉన్నారు. "ఎందుకింత ఆలస్యం" అని వాళ్ళు అడిగితే నువ్వు నా వైపు చూపించి "ఈవిడ దగ్గరే అన్నీ ఆగిపోతున్నాయి. ఈవిడ చూసి విప్పేదాకా మేమందరం చేతులు కట్టుకుని కూర్చోవాలి" అన్నావు. నవ్వుతూనే అన్నావు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నీ ఆడపడుచునని కాదు, స్నేహితురాలినని కాదు. నేను పెట్టిన నియమమే, నేను ఒక్కదాన్నే నిద్ర మానుకుని కాపాడుకొచ్చిన నియమమే, నలుగురిలో నవ్వులాట చేశావని.

సీటుకొచ్చి, నా దగ్గర ఆగిన లింకులన్నీ తీసేశాను. పద్నాలుగు. ఒక్కటీ పరీక్షించలేదు. ఇక నా వల్ల ఏదీ ఆగదు, చూసుకో అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే అదే. ఇంటికెళ్ళాక కోపం చల్లారింది. పొద్దున్నే వెళ్ళి మళ్ళీ వేసేద్దాం, ఎవరికీ తెలియదు అనుకున్నాను. పొద్దున బస్సు దొరకలేదు. నేను మెట్లెక్కేసరికి పదీ పది అయింది. నువ్వు పదింటికే పేజీ తెరిచేశావు.

పదమూడు లింకుల వల్ల ఏమీ కాలేదు. పద్నాలుగోది మార్కులు కలిపే పని.

ఆ రోజు ఓ తల్లి ఆఫీసుకి వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది. చేతిలో కాగితం పట్టుకుని "మా అమ్మాయి తలుపేసుకుంది, ఎంత పిలిచినా తీయట్లేదు, ఇది తప్పని మీరు రాసివ్వండి" అంది. నువ్వు నిలబడే రాసిచ్చావు, నీ సంతకంతో. నేను స్తంభం పక్కన నిలబడి చూశాను. నేను తీశాను అని ఆ క్షణాన అనాలి. అనలేదు. సాయంత్రం అనాలి. అనలేదు. నువ్వు రాజీనామా ఇచ్చిన రోజు అనాలి. ఆ తర్వాత రోజురోజుకీ ఇంకా కష్టమైపోయింది. నువ్వు నా గురించి ఏమీ అనలేదు కాబట్టి నీకు తెలియదనుకుని బతికాను.

నాకు లీడు పోస్టు కావాలి వదినా. హిస్టరీ పోతే నా పేరు కూడా దానితో పోతుంది, ఇక ఎవరికీ తెలియదు. నీ చేత "వదిలెయ్" అనిపించుకోవాలని మూడు నెలలుగా నీకు ఉత్తరాలు రాశాను. ఇంతకన్నా నీచమైన పని ఉంటుందా?

ఇవాళ పొద్దున మేనేజరు దగ్గరికెళ్ళి, హిస్టరీతో సహా మారుస్తాను, గడువు దాటినా సరే అని, ఎందుకో కూడా చెప్పాను. "పాతవన్నీ ఇప్పుడెందుకండీ తవ్వడం" అన్నాడు. లీడు పోస్టు మాట మళ్ళీ ఎత్తలేదు. మధ్యాహ్నం ఆ పన్నెండు మందినీ మళ్ళీ కూర్చోబెట్టి, లింకు తీసింది ఎవరో చెప్పాను. ఆ బ్యాంకావిడ నోట్సులో రాసుకుంది.

నిన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. నువ్వు తిట్టినా చాలు, రాయి.

పిచ్చుక


ఇల్లు, వెనక వరండా
అక్టోబరు 5

పిచ్చుకా,

ఆరేళ్ళు ఈ ఉత్తరం కోసం చూశాను. వచ్చాక చదివి, మడిచి, రెండు వారాలు దాచాను. ఎందుకంటే దీనికి జవాబు రాయాలంటే నా సంగతి కూడా చెప్పాలి. నీ అంత ధైర్యం నాకు లేదని ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది.

నాకు తెలుసు. లింకు తీసింది నువ్వని ఆ రోజే తెలుసు. అక్కడితో ఆగితే నేను మహా త్యాగమూర్తిని. మీ అన్నయ్య ఇప్పటికీ అదే నమ్ముతున్నాడు.

ట్రాకర్‌లో లింకు వేస్తే మెయిలొస్తుందని నువ్వే జూలైలో రాశావు, తీసినా అంతే. నా టికెట్ల లింకులు తీస్తే ఆ మెయిల్ ఎవరికి వస్తుంది? ఆ సాయంత్రం ఆరింటి తర్వాత నాకు వరసగా పద్నాలుగు మెయిళ్ళొచ్చాయి, అన్నీ పది నిమిషాల్లో. పద్నాలుగు పనులు పది నిమిషాల్లో పరీక్షించడం నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. చూడగానే అర్థమైంది, అలిగావని. నవ్వుకున్నాను కూడా.

పొద్దున ఫలితాల టికెట్టు పచ్చగా ఉంది. అది వట్టి పచ్చదనమని నాకు తెలుసు. పరీక్షల బోర్డు వాళ్ళు పదింటికి తెరవమన్నారు, గంట ఆలస్యమైతే కొంపలేం మునగవు. నీకు ఫోన్ చేసి "చూశావా, చూడలేదా" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. అడిగితే నువ్వు గెలిచినట్టు అవుతుంది. నువ్వు చూడకపోతే మా పని నడవదని నేను నలుగురి ముందు ఒప్పుకున్నట్టు అవుతుంది. ఒక్కసారి నువ్వు లేకుండా తెరిచి చూపిస్తాను అనుకున్నాను. మార్కులు కలిపే కుర్రాడు ముందురోజు "దాదాపు అయిపోయింది మేడమ్" అన్నాడు, ఆ దాదాపు పట్టుకుని తెరిచేశాను.

కాబట్టి సంతకం పెట్టింది నిన్ను కాపాడటానికి కాదు. ఆ తల్లి నా ఎదురుగా నిలబడినప్పుడు, తెరిచింది నా చెయ్యే, తెలిసి తెరిచింది నా చెయ్యే అని నాకు తెలుసు. ఆ అమ్మాయి సాయంత్రానికి తలుపు తీసిందని వాళ్ళ అమ్మ ఫోన్ చేసి చెప్పేదాకా నేను బాత్రూంలోనే కూర్చున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా పాడు సంగతి. ఆ రాత్రి మీ అన్నయ్య గుచ్చి గుచ్చి అడిగితే, లింకు తీసింది నువ్వని చెప్పేశాను. మెయిళ్ళ సంగతి చెప్పలేదు. "మా చెల్లెలు తప్పు నువ్వు మోశావా" అని ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ మాట నాకు తీపిగా అనిపించింది. ఆ తర్వాత ఆయన నీతో ఫోన్లో మూడు ముక్కలకి మించి మాట్లాడటం మానేశాడు. ప్రతిసారీ పక్కనే కూర్చుని విన్నాను, ఆపలేదు. నువ్వు వచ్చి చెప్పేదాకా చూద్దాం అని పట్టుపట్టాను. అది న్యాయం అనుకున్నాను. కాదు, నీ మౌనం నాకు ఉపయోగపడింది, అంతే.

నువ్వు మీ ఆఫీసులో పన్నెండు మంది ముందు చెప్పావు. నేను ఇంట్లో ఒక్క మనిషికి చెప్పలేకపోతున్నాను.

నీ వదిన


ఇంట్లో నా గది
అక్టోబరు 14

వదినా,

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు నీ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆఫీసులో ఎవరు పలకరించినా కసిరాను. మా అన్నయ్య వదినా. చిన్నప్పుడు నాకు సైకిలు నేర్పి, మోకాలు చీరుకుపోతే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చిన మనిషి. ఆరేళ్ళు నాతో పొడిపొడిగా మాట్లాడుతుంటే వయసు, పని, నీ ఆరోగ్యం, ఏవేవో కారణాలు అల్లుకున్నాను. మొన్న నాకు జ్వరమొచ్చి వారం పడుకుంటే, "మందులు వేసుకో" అని ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు ఎంత ఏడ్చానో నీకు తెలియదు.

నాలుగో రోజుకి కోపం అలిసిపోయింది. నువ్వు చేసిందీ నేను చేసిందీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏది పెద్దదో తేల్చలేకపోయాను. తేల్చడం నాకిక అక్కర్లేదు.

హిస్టరీ మొత్తం కొత్త ట్రాకర్‌లోకి వచ్చేసింది. నేను తీసిన పద్నాలుగు లింకులూ, పదింటికి నువ్వు పేజీ తెరవడం, రెండూ ఉన్నాయి. పాఠంలో 'ఒక లీడు తొందరపడి' అన్న వాక్యం తీసేశాను. దాని చోట ఏం రాయాలో తెలియలేదు, ఖాళీగా ఉంచాను. కళ్ళు బాగయ్యాక నువ్వు రాద్దువుగాని. లీడు పోస్టు వేరేవాళ్ళకి ఇచ్చారు. అనుకున్నంత బాధ కలగలేదు, అలాగని అసలు కలగలేదని చెప్పను.

నిన్ను చూడాలని ఉంది. సెలవు కూడా పెట్టుకున్నాను. కానీ అన్నయ్య నన్ను దొంగని చూసినట్టు చూస్తుంటే నీ ఇంట్లో కూర్చుని నీతో నవ్వలేను. ఆయనకి నువ్వే చెప్పు. నేను చెప్తే నీ మీద చాడీ అవుతుంది. నువ్వు చెప్పేదాకా నేను రాను. అలక కాదిది, ఈసారి నిజంగానే రాలేను.

పిచ్చుక


ఇల్లు
అక్టోబరు, శనివారం పొద్దున

పిచ్చుకా,

చెప్పేశాను. నిన్న టీ తాగుతుండగా మొదలుపెట్టి, మెయిళ్ళ సంగతి దాకా, ఏదీ మిగల్చకుండా. మీ అన్నయ్య గ్లాసు కింద పెట్టి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. నన్ను తిడితే బాగుండేది. గంట తర్వాత లోపలికి వచ్చి "దానికి జ్వరమొస్తే నేనేమన్నానో గుర్తుందా నీకు?" అన్నాడు. గుర్తుంది అన్నాను. ఇక నాతో మాట్లాడలేదు. ఎన్నాళ్ళు మాట్లాడడో తెలియదు, నేను పడాల్సిందే.

నీకు ఫోన్ చెయ్యబోయి మూడుసార్లు ఆగాడు. ఫోన్లో ఏమని మొదలుపెట్టాలో తెలియట్లేదని తనలో తనే అనుకున్నాడు. పొద్దున చూస్తే సంచీ సర్దుకుంటున్నాడు.

అందుకే దీన్ని పోస్టులో వెయ్యట్లేదు. నువ్వు ఇది చదువుతున్నంతసేపూ మీ అన్నయ్య నీ గుమ్మంలో నిలబడే ఉంటాడు, చెప్పులు విప్పాలో లేదో తెలియక. ముందు లోపలికి రమ్మను.

వదిన